ఒడ్డున నిలబడ్డ ఈతగాడు

నేను తుంగభద్రను ఈదిన మనిషిని. పాతికేళ్ళకు పైగా ఈ మాట చెబుతున్నాను కాబట్టి ఇక్కడ కూడా దానితోనే మొదలుపెడుతున్నాను. అలవాటు.

మొదటిసారి ఈ కథ చెప్పినప్పుడు నది ఒక మోస్తరు వెడల్పే ఉండేది. పెళ్ళయిన కొత్త. అత్తగారింట్లో అందరూ చుట్టూ కూర్చుని కొత్త అల్లుడు ఏదైనా మాట్లాడతాడేమోనని చూస్తున్నారు. చెప్పుకోవడానికి నా దగ్గర వేరే గొప్పలేవీ లేవు. కర్నూలు హాస్టల్లో చదివే రోజుల్లో, వరదలో కొట్టుకుపోతున్న ఒక మేకపిల్లను భుజాన వేసుకొని అవతలి ఒడ్డుకు ఈదానని చెప్పాను. మా బామ్మర్ది, అంటే నా భార్య తమ్ముడు, అప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. నోరు తెరుచుకొని విన్నాడు. ఆ తెరిచిన నోరు చూడగానే నది ఇంకో ఫర్లాంగు వెడల్పయింది. తర్వాతి ఏళ్ళలో మేకపిల్ల మేక అయింది, మేక పొట్టేలయింది, పొట్టేలు దూడయింది. ఒకసారి బంధువుల పెళ్ళిలో ఎద్దు దాకా వెళ్ళి, వింటున్నవాళ్ళ ముఖాలు చూసి మళ్ళీ దూడకు దిగాను.

నిజం ఏమిటంటే మాది ఆలూరు వైపు పల్లె. బిందెలో తప్ప మరెక్కడా నీళ్ళు చూడకుండా పెరిగినవాణ్ణి. కర్నూలుకు చదువుకోవడానికి వచ్చి, మొదటిసారి కె.సి. కాలవ చూసిన రోజు, అన్ని నీళ్ళను మూత లేకుండా అలా వదిలేశారేమిటని కంగారుపడ్డాను. హాస్టల్లో నందికొట్కూరు వైపు పిల్లలు ఆ కాలవలో కప్పల్లా దూకేవాళ్ళు. నేను ఒడ్డున కూర్చుని వాళ్ళ బట్టలకు కాపలా కాసేవాణ్ణి. మూడేళ్ళు కాశాను. ఒక్క చొక్కా పోలేదు. నా ఈత అనుభవం మొత్తం అదే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నేను భౌతికశాస్త్రం లెక్చరర్ని. నీటిలో ఏ వస్తువు తేలుతుందో, ఏది మునుగుతుందో, ఎందుకో, వేలమంది పిల్లలకు బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పాను. ఆ బొమ్మలో నన్ను నేను ఎప్పుడూ వేసుకోలేదు.

రెండేళ్ళ కిందట, వానలు తగ్గాక, మేం ముగ్గురం మంత్రాలయం వెళ్ళి వస్తూ దారిలో నది పక్కన కారు ఆపాం. దర్శనం అయింది, ఆకలి మొదలైంది, చిత్రాన్నం డబ్బా వెనక సీట్లో ఉంది. నా భార్య గట్టు మీద నీడ చూసుకొని దుప్పటి పరుస్తోంది. చేతులు కడుక్కోవడానికి నేనూ బామ్మర్దీ కిందికి దిగాం. వాడు ఇప్పుడు కడపలో టైర్ల షాపు నడుపుతున్నాడు. నలభై దాటాయి, నాలాగే పొట్ట వచ్చింది.

వాడు ప్యాంటు మడిచి నీళ్ళలోకి నడిచాడు. మోకాళ్ళ దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"బావా, ఈడ లోతుంటాదా?"

"ఏం లోతప్పా. నేనుండా గదా."

ఇంకో రెండడుగులు వేశాడు. తొడల దాకా వచ్చాయి. మళ్ళీ తిరిగాడు.

"నువ్వు ఈదిన కాడ ఇట్లే ఉండెనా?"

"దీనికి పదింతలుండె. ఇది నాకు చెంబులో నీళ్ళు."

నడుము దాకా. ఈసారి వెనక్కి తిరిగి నా ముఖంలోకి చూశాడు. కాస్త ఎక్కువసేపే చూశాడు.

"పోనా?"

"పో అప్పా. నేనుండా."

ఇంకో అడుగు వేశాడు. ఆ తర్వాత వాడు లేడు.

అక్కడ ఎవరో ఇసుక తోడిన గుంత ఉంది. ఇక్కడినుంచి నేను చెప్పేదాంట్లో ఒక్క అంగుళం కూడా పెంచడం లేదు, నమ్మండి. కుడి చెయ్యి ఒక్కటే పైకి వచ్చింది. ఐదు వేళ్ళూ విడివిడిగా విచ్చుకొని ఉన్నాయి. ఉంగరం ఎండకు మెరిసింది. మునిగింది, లేచింది, మళ్ళీ మునిగింది. నేను చెప్పులు విడిచాను. విడిచి, రెండింటినీ ఒకదాని పక్కన ఒకటి సర్ది పెట్టాను. గుడి బయట పెట్టినట్టు. పెట్టి నిలబడ్డాను.

కొంచెం ఎగువన ఒకాయన గుండ్రటి పుట్టిలో కూర్చుని చేపల వల సర్దుకుంటున్నాడు. ఆయన నాలుగు తెడ్లు వేసి వచ్చి, వాణ్ణి జుట్టు పట్టుకొని లాగి, పుట్టి అంచుకు ఆనించి ఒడ్డుకు తెచ్చాడు. ఇసుకలో బోర్లా పడుకోబెట్టి వీపు మీద నాలుగు దెబ్బలు వేశాడు. వాడు దగ్గాడు, నీళ్ళు కక్కాడు. పుట్టాయన లేచి నా వైపు చూసి, నా కాళ్ళు చూసి, నా చెప్పులు చూశాడు.

"తొడుక్కో సార్. ముండ్లుంటాయి" అన్నాడు. వెళ్ళిపోయాడు.

అరుపులు విని నా భార్య గట్టు దిగి పరుగెత్తుకొచ్చింది. బామ్మర్ది ఇంకా దగ్గుతూనే ఆమెతో అన్నాడు. "ఏం కాలేదు లేక్కా. బావ దూకబోయినాడు. ఆలోపలే ఆ అన్న వచ్చేసినాడు."

ఆ అబద్ధాన్ని వాడు నా కోసం పరుపులా పరిచాడు. నేను దాని మీద పడుకున్నాను. హాయిగా పడుకున్నాను అని కూడా రాయాలి, ఎందుకంటే పది రోజులు తిరక్కముందే స్టాఫ్ రూములో నేనే ఈ సంగతి చెబుతూ, చొక్కా విప్పేశానని, నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చేశాయని కలిపాను. ఇంకో నెల గడిస్తే ఆ పుట్టాయన కథలోంచి మాయమై, నేనే వాణ్ణి లాక్కొచ్చేవాణ్ణేమో. అంత దూరం పోలేదు. పోనివ్వలేదు ఆ చెయ్యి.

మొదట స్నానాల గదిలో, బక్కెట్లో కనబడింది. చెంబు ముంచబోతే నీళ్ళ కింద ఐదు వేళ్ళు. తర్వాత మజ్జిగ గ్లాసులో. తర్వాత పప్పు గిన్నెలో, గరిటె పక్కన. నా భార్య "ఏంది, వెంట్రుక వచ్చిందా?" అని అడిగింది. అన్నిటికన్నా క్లాసులో కష్టమయ్యింది. పాఠం చెప్పి, "ఎవరికైనా సందేహాలున్నాయా?" అని అడిగేవాణ్ణి. వెనక బెంచీలోంచి ఒక చెయ్యి లేచేది. ఐదు వేళ్ళూ విడివిడిగా. ఆ నెల నుంచి నేను సందేహాలు అడగడం మానేశాను. సారు ఈమధ్య సిలబస్ బాగా నడిపిస్తున్నాడని ప్రిన్సిపాల్ మెచ్చుకున్నాడు.

ఈత నేర్చుకుందామని అప్పుడే అనుకున్నాను. అనుకోవడంలో నన్ను మించినవాడు రాయలసీమ నాలుగు జిల్లాల్లో లేడు. కానీ మా ఇంట్లో ఒక సోఫా ఉంది. అది సోఫా కాదు, ఒక ప్రాణి. పొద్దున కాఫీతో దాంట్లో కూర్చుంటే మెల్లగా మింగడం మొదలుపెడుతుంది, పేపరు చదివేసరికి నడుము దాకా మింగుతుంది, భోజనానికి పిలిచే సమయానికి తల మాత్రమే బయట ఉంటుంది. దాంట్లో కూర్చుని, నేను ఈతకు సరిపడే కాలం కోసం చూశాను. ఎండాకాలం బావుల్లో నీళ్ళుండవు. వానాకాలం ఉంటాయి గాని మరీ ఎక్కువ. చలికాలం చలి. మా కర్నూల్లో ఈ మూడు తప్ప వేరే కాలం లేదు. తప్పు నాది కాదు, వాతావరణానిది.

ఫోన్లో రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు, లే, నిన్ను నువ్వు మార్చుకో, సుఖాన్ని వదులు అని సూర్యోదయం బొమ్మ మీద రాసి పంపేవాళ్ళు. నేను వాటిని సోఫాలో పడుకొని ఇరవైమందికి పంపేవాణ్ణి. కాలేజీకి ఒకాయన వచ్చి పిల్లలకు మూడు గంటలసేపు ఇదే చెప్పాడు. ఆయన కూర్చున్న కుర్చీకి దిండు చాలలేదని రెండోది తెప్పించాం. వీళ్ళెవరూ నన్ను లేపలేదు. నన్ను లేపింది ఒక భోజనాల బల్ల.

కడపలో బామ్మర్ది కొత్త ఇంట్లో చేరాడు. పాలు పొంగించారు, భోజనాలు అవుతున్నాయి. వాడి అత్తగారి తరఫు పెద్దాయన ఒకరు, "మీ బావ తుంగభద్ర ఈదినాడంటనే, ఆ కత వినాల" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. బామ్మర్ది నాకు ఎదురుగా కూర్చున్నాడు. నవ్వుతూనే, "చెప్పు బావా" అన్నాడు.

చెప్పాను. నాకు తెలిసింది అదొక్కటే. ఒడ్డు దాకా వచ్చాను, నది చూశాను, దూకాను. నేను కథలో దూకగానే వాడి కుడి చెయ్యి బల్ల అంచును పట్టుకుంది. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. ముఖం మాత్రం నవ్వుతోంది. నేను అది చూశాను. చూసి కూడా అవతలి ఒడ్డు దాకా ఈదాను. ఆ రోజు అందరూ చాలా బాగా చెప్పానన్నారు. చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళితే అక్కడ నీళ్ళ సంపు మూత మీద వాడు ఇటుకలు పేర్చి పెట్టాడు. నాలుగు వరసలు. ఇంట్లో చిన్నపిల్లలెవరూ లేరు.

ఇక నాకు కావలసింది ఒక్కటే అనిపించింది. వాడి ముందు నిలబడి, ఆ రోజు నా దగ్గర లేనిది ఈ రోజు ఉందని చెప్పగలగాలి. దిగు, ఈసారి నిజంగానే నేనున్నాను అనగలగాలి. అప్పుడు ఆ చెయ్యి పోతుంది. నా లెక్క అది.

వెల్దుర్తి దగ్గర ఒక పల్లెలో, చేను మధ్య పాత దిగుడుబావి ఉంది. చుట్టుపక్కల పిల్లలకు అక్కడ ఈత నేర్పేది ఒక ఆడమనిషి. అరవై దాటిన వయసు. ఎనుములు మేపుకుంటుంది. పైమెట్టు మీద కూర్చుని, చేతిలో పొడుగాటి వెదురు కట్టెతో నీళ్ళలో ఉన్నవాళ్ళను పొడుస్తూ నేర్పుతుంది. తను నీళ్ళలోకి దిగదు. నేను తువ్వాలుతో వెళ్ళేసరికి నా వెనక చూసింది.

"పిల్లోడు యాడప్పా?"

"పిల్లోడు లేడక్కా. నేర్చుకునేది నేనే."

నన్ను పై నుంచి కింది దాకా చూసింది. మధ్యలో కాసేపు ఆగింది. పక్కనున్న ఖాళీ నూనె క్యాను తీసి చూసింది. పిల్లల వీపుకు కట్టేది అదే, తేలడానికి.

"దీన్ని నీకు కట్టాల్నా, నిన్ను దీనికి కట్టాల్నా" అంది.

ఆ బావి దగ్గర ఒక పద్ధతి ఉంది. నీళ్ళలో కాలు పెట్టేముందు, తనకు ఎంత ఈత వస్తుందో ప్రతివాడూ బావిలోకి వంగి గట్టిగా చెప్పాలి. రోజూ చెప్పాలి. రాకపోతే రాదని చెప్పాలి. వస్తే ఎన్ని బారలు వస్తుందో అన్ని బారలే చెప్పాలి. నాలుగేళ్ళ పిల్లలు కూడా చెప్పి దిగుతారు.

"ఎవరికి చెప్పాల?" అన్నాను.

"బాయికి. ఎంత వచ్చునో దానికి తెలియాల. తెలిస్తే అంత మేర మునగకుండా పట్టుకుంటాది. దొంగ లెక్క చెప్పినోన్ని నేను దిగనీను."

నేను వంగాను. లోపల నల్లటి నీళ్ళు, వాటి మీద నా తలకాయ. అంత చిన్న మాటకు నా నోరు పెగలలేదు. నదిని ఈదిన కథ అరగంటసేపు గుక్క తిప్పుకోకుండా చెప్పగల నోరు అది. ఆమె కట్టెతో వీపు మీద తట్టింది.

"నాకు ఈత రాదు" అన్నాను.

రాదు, రాదు, రాదు అని బావి నాలుగు వైపుల నుంచీ చెప్పింది. నా గొంతే, కాని నాకన్నా నిశ్చయంగా ఉంది.

ఆ రోజు మెట్టు మీద కూర్చుని మొలలోతు నీళ్ళలో కాళ్ళాడించడమే పని. ఆడిస్తూ ఉంటే అడుగునుంచి ఆ చెయ్యి వస్తుందేమోనని భయం. మూడో రోజు ఆమెకు చెప్పేశాను, నది గురించి, గుంత గురించి, చెయ్యి గురించి. బయటి మనిషికి చెప్పడం అదే మొదలు.

"మనిషి బతికినాడా?" అంది.

"బతికినాడక్కా. కడపలో ఉండాడు. టైర్ల షాపు."

"బతికినోని చెయ్యి నీళ్ళలో యాల ఉంటాది?" కట్టెతో నీళ్ళను ఒకసారి కదిపింది. "అది వాందే అని సరిగ్గా సూసినావా?"

ఆ రోజు ఇంటికి వెళ్ళాక బక్కెట్లో చెయ్యి కనబడినప్పుడు దాని వేళ్ళకు ఉంగరం ఉందో లేదో చూడటానికి ధైర్యం చాలలేదు.

రోజూ పొద్దున ఐదింటికి లేచేవాణ్ణి. ఎలా లేచేవాణ్ణని అడిగితే గొప్ప సమాధానం లేదు. సోఫా కన్నా ఆ చెయ్యి భయంగా ఉంది కాబట్టి లేచాను. అలారం మోగిన ప్రతిరోజూ మానేద్దామనే అనిపించింది. ఒక్కరోజు కూడా ఉత్సాహం రాలేదు. స్కూటరెక్కి చలిలో పోతూ పోతూ కారణాలు వెతికేవాణ్ణి, అవి దొరికేలోపు బావి వచ్చేసేది. క్యాను కట్టుకొని, ఎంత వచ్చునో చెప్పి దిగేవాణ్ణి. నెల తిరిగేసరికి రెండు బారలు. ఆ రోజు ఉండబట్టలేక బావిలోకి "నాలుగు బారలు" అని అరిచాను. అలవాటు. నాలుగు, నాలుగు అంది బావి.

"మళ్ళ చెప్పు" అంది ఆమె.

"మూడు."

కట్టె లేచింది.

"రెండు" అన్నాను.

ఇంట్లో మాత్రం వాకింగ్ అని చెప్పాను. వాకింగ్‌కు తువ్వాలు ఎందుకో, తల తడిగా ఎందుకుంటుందో, యాభై దాటిన మొగుడు చీకటితో లేచి వెళ్ళి పాచి వాసనతో ఎందుకొస్తాడో నా భార్యకు అర్థం కాలేదు. నన్ను అడగలేదు. కడపకు ఫోన్ చేసింది. బామ్మర్ది ఏదో పని ఉందని మా ఇంటికొచ్చి ఆ రాత్రి ఉన్నాడు. మర్నాడు నా స్కూటర్ వెనక మా ఇంట్లోని ఇంకో బండి మీద వచ్చాడు. నేను గమనించలేదు.

బావి మధ్యలో ఉన్నాను. వీపున క్యాను, నోట్లో సగం బావి. పైకి చూస్తే గట్టు రాతి మీద ఒక కుడి చెయ్యి. ఐదు వేళ్ళు. ఉంగరం. ఈసారి కింద నుంచి కాదు, పై నుంచి వచ్చింది. నేను కాళ్ళాడించడం మరిచాను, నీళ్ళు మింగాను, ఆమె కట్టె అందిస్తే పట్టుకొని మెట్టు దగ్గరికి వచ్చాను.

"బావా" అంది పై నుంచి ఒక గొంతు. "ఏం చేస్తాండావు?"

వాడు మెట్లు దిగి వచ్చాడు, గోడకు వీపు ఆనించుకుంటూ, ఒక్కొక్క మెట్టూ. నీళ్ళకు ఐదు మెట్ల పైన ఆగి కూర్చున్నాడు. నేను కింద తడిసి, క్యానుతో, వణుకుతూ నిలబడ్డాను. ఆడమనిషి ఎనుముల వైపు చూస్తున్నట్టు కూర్చుంది గాని చెవి ఇటే ఉంది.

"నాకు ఈత రాదప్పా" అన్నాను. "ఆ పొద్దు గూడా రాదు. ఎప్పుడూ రాదు. నేను దూకబోలేదు."

"తెలుసు బావా."

"ఒడ్డున నన్ను చూసినప్పుడు తెలిసిందా?"

"అంతకు ముందే. నీ పెండ్లైన ఏడు మహానంది పోతిమి గదా. కోనేట్లో గొంతు దాకా నీళ్ళు. నువ్వు గోడ ఇడ్సకుండా సుట్టూ తిరిగినావు. నదిని ఈదినోడు గోడ యాల పట్టుకుంటాడు?"

"అయితే ఆ పొద్దు ఎవరిని నమ్మి నీళ్ళలోకి పోయినావు?"

వాడు నన్ను చూడలేదు. నీళ్ళను చూస్తూ చెప్పాడు.

"నువ్వు చెప్తావని పోయినా. కొంచెం ఏడిపిద్దామనుకున్నా నిన్ను. మోకాళ్ళ కాడ చెప్తావనుకున్నా. తొడల కాడ అనుకున్నా. నడుం కాడ తిరిగి శానా సేపు సూసినా. వద్దప్పా, నాకు రాదు, వచ్చెయ్ అంటావని. నువ్వు పో అన్నావు."

బావిలో కప్ప ఒకటి దూకింది.

"గుంతలో ఉన్నప్పుడు గూడా అదే అనుకుంటాంటి" అన్నాడు. "ఇప్పుడన్నా చెప్తాడేమో అని."

ఇన్నాళ్ళూ నేను పరుగెత్తింది ఈత కోసం. వాడు నా నుంచి అడిగింది ఈత కాదు. అక్కడ నదిలో నిలబడి వాడు మూడుసార్లు తిరిగి చూసినప్పుడు, నా దగ్గర ఉండాల్సింది మూడు మాటలు. నాకు వచ్చిన మాటలే. ఒక్క బార కూడా ఈదనవసరం లేకుండా వాణ్ణి కాపాడి ఉండేవాణ్ణి.

వాడు చెప్పులు విడిచాడు. రెండు మెట్లు దిగాడు.

"ఇప్పుడు దిగితే నన్ను పట్టుకొస్తావా?"

ఇన్ని నెలలు నేను ఎదురుచూసిన ప్రశ్న ఇదే. దీనికోసమే సోఫా వదిలాను. నా నాలుక చివర జవాబు సిద్ధంగా ఉంది కూడా, నేనుండా గదా అని.

"తేలేనప్పా" అన్నాను. "నాకు ఆరు బారలు వస్తాది. అది గూడా క్యానుతో. నువ్వు దిగితే ఇద్దరం పోతాం. దిగొద్దు."

"ఐదున్నర" అంది పై నుంచి ఆడమనిషి, ఎనుములను చూస్తూనే.

బామ్మర్ది నవ్వలేదు. దిగనూ లేదు. ఉన్నచోటే కూర్చుని, కాలి బొటనవేలు మాత్రం కింది మెట్టు మీది తడికి ఆనించాడు. ఆనించి తీసేశాడు. మళ్ళీ ఆనించాడు. అప్పుడు వాడి జేబులో ఫోన్ మోగింది. పేరు చూసి, ఎత్తకుండా నా వైపు చాపాడు.

తడి చేత్తో తీసుకున్నాను.

"ఏమన్నా తెలిసిందా?" అంది నా భార్య, తమ్ముడనుకొని.

"నేనే" అన్నాను. "వెల్దుర్తి కాడ బాయిలో ఉండా. ఈత నేర్చుకుంటాండా."

"నీకు వస్తాది గదా?"

"రాదు. ఎప్పుడూ రాలేదు. నేను చెప్పిందంతా అబద్ధం."

అటువైపు ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు. తర్వాత మెల్లగా అడిగింది.

"మరి ఆ పొద్దు నా తమ్ముడు మునిగిపోతాంటే నువ్వేం చేస్తాంటివి?"

"నిలబడినా."

ఆమె ఫోన్ పెట్టలేదు. ఆమె వెనక కుక్కర్ విజిల్ వేసింది. నేను చెవికి ఫోన్ ఆనించుకొని విన్నాను, నా పైమెట్టు మీద కూర్చున్నవాడు కూడా విన్నాడు. మూడు విజిల్స్ వచ్చాయి. పది కాదు, ఐదు కాదు. మూడు. ఆ తర్వాత పొయ్యి ఆపిన చప్పుడు వినిపించింది.